ఎనభై దాటనివ్వని సారు

దసరా వెళ్లిన మూడో రోజు పొద్దున లింగస్వామి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి చిట్యాల దగ్గరి తమ ఊరి నుంచి బయలుదేరాలి, చౌటుప్పల్లో చాయ్ తాగాలి, ఏడింటికల్లా మందుల కంపెనీ గేటు ముందు కారుతో నిలబడాలి. కంపెనీలో బండ్ల సంగతి చూసే శ్రీదేవి మేడం ఒకసారి ఎక్కి చూస్తుంది. ఆమెకు నచ్చితే ఏడాదిపాటు కిరాయి ఖాయం. నచ్చకపోతే ఏమిటన్నది అతను ఆలోచించదలుచుకోలేదు. ఈ పాత కారు కోసం తాతల నాటి గొర్ల మందను మొత్తం అమ్మేశాడు. ఆ రోజు నుంచీ తల్లి బక్కమ్మ ఖాళీ దొడ్డిని కూడా పొద్దున్నే ఊడ్చి వస్తోంది. అది చూసినప్పుడల్లా అతను ముఖం తిప్పుకునేవాడు.

పథకంలో లేనిది ఒకటే, బక్కమ్మ కూడా బయలుదేరడం. "చౌటుప్పల్ చెరువు కాడ జర పనుంది" అంటూ కొంగు కొస పిడికిట్లో బిగించి వెనక సీట్లో కూర్చుంది. ఏం పనో చెప్పలేదు.

పత్తి చేల మీది మంచు హైవే మీదికి కమ్ముకొచ్చింది. ముందు లారీ ఎర్ర దీపాలు తప్ప ఏమీ కనిపించలేదు. మంచు కాస్త విడిచాక లింగస్వామి వేగం పెంచాడు. ముల్లు ఎనభై మీదికి రాగానే స్టీరింగు వణికింది. గుంత అనుకున్నాడు. రోడ్డు నున్నగా ఉంది. వణుకు చేతుల్లోంచి భుజాలకెక్కింది. సీసాలో నీళ్లు కదిలాయి, అద్దం ముందు పెట్టిన జమ్మి ఆకు అదిరింది. డెబ్బైకి తగ్గించగానే అంతా సద్దుమణిగింది. మళ్లీ ఎనభై, మళ్లీ వణుకు. అవతలి నుంచి ఎవరో స్టీరింగు పట్టుకుని వద్దు వద్దంటున్నట్టుంది.

"ఎనభై కాడనే ఎందుకొస్తాందిరా?" అంది బక్కమ్మ సన్నగా.

"ఎనభై అని నీకెట్ల ఎరుకనే?"

"నువ్వే బయటికి చదువుతున్నవు గదా."

పక్కన ఆపి బానెట్ లేపాడు, లోపలికి చూశాడు, దించాడు. ఇంజను గురించి అతనికి తెలిసింది అంతే. తర్వాత బంపరుకు కట్టిన నిమ్మకాయల దండ విప్పి మళ్లీ నడిపి చూశాడు. వణుకు అలాగే ఉంది. చివరికి మళ్లీ ఆపి, కారు అమ్మిన ఐలేశానికి ఫోన్ చేశాడు.

"బావా, బండి ఎనభై కాడ వణుకుతాంది."

"నేను ఊర్లనే తిప్పిన, నాకేం ఎరుక. మొదాలు రఘుపతి సారుది. పదేండ్లల్ల ఒక్కనాడు ఎనభై దాటలేదట. ఎవ్వలు నడిపినా దాటనిచ్చేటోడు గాదట."

"సారు నంబరుందా?"

"సారు కాలం జేసి ఏడాదాయె. ఇంట్లనే పోయిండు. గని గా బండి తాళంచెవి చేతిల పట్టుకునే పోయిండట."

లింగస్వామి ఫోను జేబులో పెట్టాడు. పక్కసీటు వైపు నుంచి చల్లగాలి తగిలినట్టయింది. మెల్లగా చెయ్యి చాపి ఖాళీ సీటుకు బెల్టు పెట్టాడు. "సారూ, గీ ఒక్క దినం ఓర్సుకోండ్రి. మీరు చెప్పినట్లె పోత" అని దండం పెట్టాడు. అరవై మీద ముక్కుతూ చౌటుప్పల్ చేరేసరికి అరగంట ఆలస్యం. బక్కమ్మ చెరువు దగ్గర ఆపమంది. టైం లేదన్నాడు. ఆమె కొంగును ఇంకా గట్టిగా పట్టుకుంది.

గేటు దగ్గర శ్రీదేవి గడియారం చూసుకుంటూ వచ్చి ముందు తలుపు తెరిచింది. ఎవరూ లేని సీటుకు బెల్టు పెట్టి ఉంది.

"మేడం, మీరు ఎనక కూసోండ్రి" అన్నాడు లింగస్వామి వినయంగా.

ఆమె బక్కమ్మ పక్కన కూర్చుంది. చిట్యాల దిక్కుగా హైవే ఎక్కారు. బస్సులు దాటిపోయాయి, లారీలు దాటిపోయాయి. గొర్లను తీసుకెళ్లే వ్యాను కూడా హారన్ కొట్టి దాటిపోయింది. లోపలి గొర్లు లింగస్వామిని తేరిపార చూశాయి.

"ఎందుకింత నెమ్మదిగా?" అడిగింది శ్రీదేవి.

"ఎనభై దాటితే సారు ఊకోడు మేడం."

"ఏ సారు?"

అతను కళ్లతో పక్కసీటు చూపించాడు. "మొదటి ఓనరు. కాలం జేసిండు."

ఆమె సంచీ ఒళ్లోకి లాక్కుంది. ఇలాంటివి నమ్మే మనిషి కాదు. "ఒకసారి ఎనభై పోనివ్వండి" అంది గొంతు తగ్గించి.

లింగస్వామి పక్కసీటుకు ఇంకోసారి దండం పెట్టి పోనిచ్చాడు. జమ్మి ఆకు అదిరింది. ఖాళీ సీటు బెల్టు టకటక కొట్టుకుంది. శ్రీదేవి బక్కమ్మ చెయ్యి పట్టేసుకుంది. "ఆపండి. ఎక్కడ మనుషులు కనిపిస్తే అక్కడ ఆపండి."

కనిపించింది వీరేశం టైర్ల దుకాణం. లింగస్వామి సారు కథంతా చెప్పాడు. వీరేశం ఓపిగ్గా విని, ముందు చక్రాల పక్కన పడుకుని లోపలికి చూసి లేచాడు.

"పోంగ పోంగ సారు సీసం బిళ్లలు గిట్ల పీక్కపోయిండా?"

"ఏం బిళ్లలు?"

"చక్రం బరువు ఒక దిక్కు గుంజకుంట లోపటంచుకు అతికిస్తరు. ముందటి రెండిటికీ లేవు. మెల్లగ పోతె తెల్వదు, ఎనభై కాడ బయటపడ్తది."

బక్కమ్మ కొంగు ముడి నెమ్మదిగా విప్పింది. పసుపు, కుంకుమ, వేపాకు, వాటి మధ్య నాలుగు బూడిదరంగు బిళ్లలు. "గివా?"

వీరేశం తలూపాడు. దసరా పూజకు కారు కడిగింది బక్కమ్మే. పొట్టేళ్లను కడిగినట్టు కడుపు కింద కూడా వదలకుండా తోమింది.

"ఎవలకు కనవడకుంట లోపట అతికిచ్చిండ్రు, మీద అంకెలు గూడ ఏసిండ్రు" అంది. "మంద అమ్మి కారు కొన్నడని కండ్లు మండి ఎవలో మంత్రం వెట్టిండ్రనుకున్న. పీకి, చెరువు అలుగుల ఏద్దామని తెచ్చిన."

"మంత్రమైతె కొంగుల కట్టుకుంటవా? నీకు తగలదా?" అన్నాడు కొడుకు.

"తగిల్తె నాకే తగలనియ్యి, నీకొద్దనుకున్న."

లింగస్వామి కోప్పడదామనుకున్నాడు. కానీ మూడు రోజులుగా తల్లి తన చావును కొంగున కట్టుకుని తిరిగిందనుకుంటే ఏడుపొచ్చింది. కిరాయి పోయిందన్న సంగతి కూడా ఒక నిమిషం మరిచిపోయాడు.

వీరేశం చక్రాలు మిషను మీద తిప్పి కొత్త బిళ్లలు అతికించాడు. బక్కమ్మ ఒక్కోదానికీ కుంకుమ బొట్టు పెట్టింది. ఈసారి పెట్టిందెవరో ఆమె కళ్లారా చూసింది కాబట్టి ఫికర్ లేదు.

"పోయిన ఏడాది డ్రైవరు నూటపది మీద పోయేవాడు. ఎక్కిన వాళ్లంతా ఫిర్యాదులే" అంది శ్రీదేవి కారెక్కుతూ. "రేపటి నుంచి రండి. సారు భయం మాత్రం పోనివ్వొద్దు."

"సారు లేడు గద మేడం, బిళ్లలే గదా" అన్నాడు లింగస్వామి. సంతోషంలో ముల్లు ఎనభైకి పోనిచ్చాడు. స్టీరింగు కదల్లేదు. సీసాలో నీళ్లు నిలకడగా ఉన్నాయి. ఎనభై ఒకటి.

అద్దాలన్నీ మూసి ఉన్నాయి. జమ్మి ఆకు ఒక్కసారి అదిరి ఆగింది.

యాక్సిలరేటరు మీంచి లింగస్వామి కాలు దానంతటదే పైకి లేచింది. వెనక సీట్లో శ్రీదేవి తన తనిఖీ కాగితం తీసి, వేగాన్ని అదుపు చేసే పరికరం బండిలో ఉందా అన్న గడి దగ్గర కాసేపు ఆగి, "ఉంది" అని రాసింది.