లేబుల్ లేని ముళ్ళమొక్క

కంటక సస్య మిత్ర మండలి వార్షిక ప్రదర్శనలో పేరు తెలియని మొక్కలకు ప్రవేశం లేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. న్యాయమైన నియమమే. పేరు తెలియనిదాన్ని చూసి ఆనందించడం ఎంత ప్రమాదమో చదువుకున్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

మండలివారు మహా మర్యాదస్థులు. కలుసుకోగానే కులాసా అడగరు, "ఈ వారం ఎన్ని కుళ్ళాయండీ?" అంటారు. కుళ్ళిన వేళ్ళకు సంతాపం తెలిపాకే కాఫీ. ముల్లు గుచ్చుకుంటే అబ్బా అనడం కొత్త సభ్యుల లక్షణం. పాతవారు ముల్లు వంపును బట్టి దాని లాటిన్ పేరు చెప్పి, ఆ తర్వాతే పీకించుకుంటారు.

ఇంతటి సంస్థలో రిటైరైన లెక్కల మేష్టారు చేరారంటే కారణం ఒకే ఒక్క కుండీ. బూజు పట్టిన బంతిలా ఉండే ఆ మొక్కను ఆయన భార్య వంటింటి కిటికీలో పెట్టుకుని, బియ్యం కడిగిన నీళ్ళు నాలుగు చుక్కలు పోసి, కూరలు తరుగుతూ దానితో కబుర్లు చెప్పేది. ఆవిడ పోయాక ఆవిడ చేతిదంటూ ప్రాణంతో మిగిలింది అదొక్కటే. దానికి ఏ లోటూ రాకూడదని మేష్టారు నిపుణులకు చూపించారు.

"ముందు పేరు తేలాలి. పేరు తేలకుండా నీళ్ళు పోయడం, నొప్పి ఎక్కడో తెలియకుండా పన్ను పీకడం లాంటిది" అన్నారు అధ్యక్షులు. వారు పళ్ళ డాక్టరు గనుక అనుభవంతోనే అన్నారు. భూతద్దం పెట్టి, ఇది నీడ కోరే కొండజాతి అని తేల్చారు. మేష్టారు మంచం కింద పెట్టారు. మొక్క పాలిపోయింది. కాదు, ఎడారిజాతి అన్నారు కార్యదర్శి. డాబా ఎక్కించారు. కమిలిపోయింది. అసలు నీళ్ళే గిట్టని జాతి అన్నారు కోశాధికారి. ముడతలు పడింది. ముగ్గురూ వచ్చి చూసి, మొక్క తన జాతి మర్యాదకు విరుద్ధంగా ప్రవర్తిస్తున్నదని ఏకగ్రీవంగా విచారం వ్యక్తం చేశారు. పువ్వు పూస్తే గాని పేరు తేలదనీ, పేరు తేలితే గాని పూయించే పద్ధతి తెలియదనీ కూడా సెలవిచ్చారు.

ఆ రోజుల్లోనే మేష్టారి మరదలు చూడటానికొచ్చింది.

"బావగారూ, అక్క మొక్కని ఇలా చేశారేంటి?"

"పేరు తేలడం లేదమ్మా."

"మీకు పేరుందిగా, అక్క ఏనాడైనా పిలిచిందా? మిమ్మల్నీ ఏవండీ అనేది, దీన్నీ ఏవండీ అనేది. ఒక్కోసారి ఇదే ముందు పలికేదేమో."

మేష్టారు కుండీ ఎత్తుకున్నారు. మొక్క మళ్ళీ వంటింటి కిటికీ చేరింది. ఆయన బియ్యం కడిగి, నాలుగు చుక్కలు పోసి, చుట్టూ చూసి, కాస్త సిగ్గుపడుతూ "ఏవండీ" అన్నారు.

మొక్క క్షమించింది. మెల్లగా ఒళ్ళు చేసింది. సరిగ్గా ప్రదర్శన వారంలో నెత్తిన ఒక పువ్వు పెట్టుకుంది.

కమిటీ హుటాహుటిన వచ్చింది. పువ్వు ముగ్గురూ చెప్పిన మూడు జాతుల్లో దేనికీ సరిపోలేదు. కాబట్టి పువ్వు పొరపాటున పూసిందని తీర్మానించి, మేష్టారి వయసుకు గౌరవమిచ్చి, మొక్కకు హాలు బయట చెప్పులు విడిచే చోట ఒక స్టూలు మంజూరు చేశారు.

హాల్లో జనం లేబుళ్ళు చదివారు, లేబుళ్ళకు ఫొటోలు తీశారు, లాటిన్ పలకడంలో ఒకరినొకరు సరిదిద్దుకున్నారు. బయట చదవడానికేమీ లేక, చెప్పుల కోసం వచ్చినవాళ్ళు గత్యంతరం లేక పువ్వునే చూశారు. ఒక ముసలావిడ ఒక చెప్పు తొడుక్కుని, రెండోది మరిచిపోయి నిలబడింది. మేష్టారు ఆవిడకు కుర్చీ వేశారు.

ద్వారం దగ్గర జనం ఆగిపోతున్నారని అధ్యక్షులు వెంటనే చర్య తీసుకున్నారు. "పేరు పరిశీలనలో ఉంది" అని లేబుల్ గుచ్చారు. వచ్చినవాళ్ళు అది చదివి, తృప్తిపడి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఇంతకీ ఆ మొక్క పేరేమిటని మీరు అడగబోతున్నారు. పువ్వు ఏ రంగని ఇంతవరకూ అడగలేదు. మండలి సభ్యత్వానికి మీరు అన్నివిధాలా అర్హులు.