రంగు పడిన గ్రీన్

ఆ ఉదయం గోల్ఫ్ క్లబ్బులో గడ్డి పనులు చూసే మేస్త్రి అనుకున్నది చాలా చిన్న పని. ఆఖరి గ్రీన్ కోసేసి, భార్యను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. గ్రీన్ అంటే గోల్ఫ్ మైదానంలో గుంత చుట్టూ తివాచీలా పెంచే గడ్డి. దాన్ని ఆయన పసిబిడ్డలా సాకాడు. మమ్మల్నెప్పుడు అలా చూశావని సొంత పిల్లలు దెప్పుతుంటారు.

భార్య ఫోన్ చేసింది. "బయల్దేరారా?"

"ఇదిగో, చివరి చుట్టు."

"మీ చివరి చుట్లు నాకు తెలియనివా?"

ఫోన్ పెట్టేసి వెనక్కి చూస్తే, గడ్డి కోసే యంత్రంలోంచి కాలే నూనె కారి, గ్రీన్ మీద నిలువునా గీత పడి ఉంది. మధ్యాహ్నానికల్లా ఆ గడ్డి మాడిపోయింది. మర్నాడే క్లబ్బు ప్రెసిడెంటు పెట్టిన పోటీ.

పొద్దున యంత్రానికి నూనె గొట్టం బిగించింది బావమరిది. భార్య పోరు పడలేక మేస్త్రే పనిలో పెట్టించిన మనిషి.

"నువ్వు కంగారుపడకు బావా. షెడ్డులో పచ్చరంగుంది, కొట్టేద్దాం," అన్నాడతను తాపీగా.

గీత మీద కొడితే గీత ఇంకా బాగా కనబడింది. దాంతో గ్రీన్ మొత్తం కొట్టారు. అంతలో క్లబ్బు సెక్రటరీ వచ్చాడు.

"గడ్డి అంటే ఇదయ్యా. మరి మిగతావన్నీ ఎందుకలా రోగిష్టి మొహం వేసుకున్నాయి?"

"అవి బాగానే ఉన్నాయి సార్."

"నాకు కనబడటం లేదనుకున్నావా? రేపటికి అన్నీ ఇలాగే ఉండాలి."

మేస్త్రి నిజం చెప్పబోయాడు. "ఉంటాయి సార్," అనేశాడు బావమరిది.

నవనవలాడే గడ్డి మీద రంగు కొడుతుంటే మేస్త్రికి కన్నకూతురి ముఖానికి మసి పూస్తున్నట్టనిపించింది. మధ్యలో భార్య మళ్లీ ఫోన్ చేసింది. "చూసి చూసి ఒక్కదాన్నే వెళ్లేసరికి డాక్టరు వెళ్లిపోయాడు. నేనూ ఇంటికొచ్చేశాను." అంతే, పెట్టేసింది.

మర్నాడు బంతి దారి చూసుకోవడానికి ప్రెసిడెంటు మోకాళ్ల మీద కూర్చుని లేచాడు. తెల్ల ప్యాంటుకు రెండు పచ్చటి మరకలు.

"గడ్డిలో బలముంటే అలాగే అంటుతుంది సార్," అన్నాడు బావమరిది.

ప్రెసిడెంటు ముఖం వికసించింది. అతిథులు తమ మోకాళ్లు చూసుకున్నారు. మరక అంటనివాళ్లు మరోసారి కూర్చుని లేచారు.

మేస్త్రి ఇక దాచలేకపోయాడు. సెక్రటరీ గదికి వెళ్లాడు. "సార్, అది రంగు. నూనె కారి గడ్డి మాడితే కప్పిపుచ్చాం. చూసుకోకపోవడం నా తప్పు."

సెక్రటరీ కిటికీలోంచి గ్రీన్ వైపు చూశాడు. "రంగే అనుకో. ఇన్నేళ్లూ నీ గడ్డికి ఆ పచ్చదనం ఎందుకు రాలేదు?"

మేస్త్రి నమస్కారం పెట్టి తలుపు దాకా వెళ్లాడు.

"సరే, ఆ ఆలోచన ఎవరిది?"

"మా బావమరిదిది."

ఆ వారమే బావమరిది మేస్త్రి అయ్యాడు. మేస్త్రిని కార్ల పార్కింగుకు మార్చారు.

"తమ్ముడు పైకొచ్చాడని నవ్వాలో, మీరు కిందికొచ్చారని ఏడవాలో తెలియట్లేదు," అంది భార్య కంచం ముందు పెడుతూ.

పార్కింగులో నేలంతా సిమెంటే కనుక, ఎండిపోతుందన్న బెంగ మాత్రం ఆయనకు లేకుండా పోయింది.