రాక్షసుడు ఇంకా రాలేదు సార్

విశాఖ పిల్లల మనసులు వెన్నపూసలనీ, వాటికి సెగ తగలనిచ్చే ప్రసక్తే లేదనీ మంత్రి శివరామకృష్ణగారు ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. ‘కొత్త రాక్షసుడు’ సినిమాకి సెన్సారువాళ్లు సర్టిఫికెట్ ఇచ్చేశారట. ఇస్తే ఇచ్చారు. పాత కథని ఈ కాలానికి మార్చి తీశారు గనక, అది పసివాళ్లకి తగునో తగదో తామే స్వయంగా చూసి తేలుస్తామన్నారు. మంచినీళ్ల సంగతి అడగబోయిన విలేకరికి స్వయంగా సమోసా అందించారు.

ఈ వార్త చదివి పెందుర్తి కొండలరావు పొంగిపోయాడు. పార్టీ పోస్టర్లు అంటించీ అంటించీ అతని చేతులకి మైదా వాసన పోకుండా పోయింది. బాలల చిత్ర మండలి చైర్మన్ కుర్చీ ఖాళీగా ఉంది. ఈసారి కూడా అది తప్పిపోతే ఇంట్లో భార్య మధులతకి మొహం చూపించలేడు. అందుకే ప్రివ్యూకి పిల్లల్ని పోగేసే బాధ్యత మీద వేసుకుని, అంగన్‌వాడీ పిల్లలతోపాటు తన ఐదేళ్ల కూతురు ధనశ్రీని కూడా జీపెక్కించాడు.

హాల్లో లైట్లు ఆరాయి. సినిమాలో రాక్షసుడికి కొమ్ముల్లేవు, కోరల్లేవు. తెల్ల లాల్చీ, నల్ల కళ్లజోడు, మెడలో బంతిపూల దండ. సముద్రపు ఒడ్డున ఒక పల్లెకొచ్చి చేతులు జోడించాడు. జెట్టీ కట్టిస్తానన్నాడు. సముద్రం అడ్డుగా ఉందని పడవలతో సహా దాన్ని మింగేసి, త్రేన్చి వెళ్లిపోయాడు. ఐదేళ్లకి మళ్లీ వచ్చాడు. అదే దండ, అదే దణ్ణం. ఈసారి మనుషుల్ని మింగాడు. ఎవణ్ణి మింగితే వాడి గొంతుతో పక్కింటివాణ్ణి పిలిచాడు.

పిల్లలు బిక్కచచ్చిపోయారు. మంత్రిగారు మాత్రం చప్పట్లు కొట్టారు.

“ఏం దక్షతయ్యా! ఒక్క గుక్కలో సైట్ క్లియర్ చేసేశాడు. ఇది ఆఫీసర్లకి చూపించాలి. ఇంతకీ రాక్షసుడెప్పుడొస్తాడు?”

కొండలరావు తెరవైపు చూశాడు, మంత్రిగారి వైపు చూశాడు. నిజం చెబితే కుర్చీ పోతుంది.

“ఇంకా రాలేదు సార్. వచ్చెత్తన్నాడు సార్.”

సినిమా అయిపోయింది.

“రాలేదేమయ్యా?”

“ఏటో సార్, దారిలో ఆగిపోనాడేమో.”

లైట్లు వెలిగాయి. తెల్ల లాల్చీ, నల్ల కళ్లజోడు, కొండలరావు వేసిన బంతిపూల దండతో మంత్రిగారు లేచి పిల్లలకి చేతులు జోడించారు.

“పిల్లలూ, మీకెవరికైనా రాక్షసుడు కనిపించాడా?”

“ఓలమ్మో! బయటికొచ్చీసినాడ్రోయ్!”

పిల్లలంతా కుర్చీల కిందకి దూరిపోయారు. మంత్రిగారు మెల్లగా కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని పి.ఎ. వైపు తిరిగారు.

“రాయండి. మహా హానికరం. పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఎవ్వరూ చూడరాదు.”

కొండలరావు ఆయన చెవి దగ్గరకి వంగాడు. “సార్, పద్దెనిమిది నిండితే ఓటొచ్చీస్తాది సార్.”

మంత్రిగారు పి.ఎ. చేతిలోంచి కాగితం లాక్కుని స్వహస్తాలతో దిద్దారు. ‘పద్దెనిమిదేళ్లు నిండనివారు మాత్రమే చూడవలెను. ఓటున్నవారి సున్నిత మనస్సులకు ఇది తగదు.’

కాగితంమీద అది ఉత్త సలహాయే అయినా, దాని అర్థమేమిటో హాళ్లవాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. గేటు దగ్గర తల్లుల్ని ఆపేసి, చంకలోని పిల్లల్ని మాత్రం లోపలికి పంపించారు. ఇంతటి దూరదృష్టి ఉన్న కార్యకర్తని మంత్రిగారు వదులుకోలేదు. వారం తిరక్కుండా కొండలరావు చైర్మనైపోయాడు.

ప్రమాణస్వీకారం కాగానే అతను నేరుగా ఇంటికొచ్చాడు. కొత్తగా కుట్టించిన తెల్ల లాల్చీ, నల్ల కళ్లజోడు, బంతిపూల దండ అన్నీ ఒంటిమీదే ఉన్నాయి. ఇన్నాళ్ల కష్టం ఫలించిందని గుండె నిండిపోయింది. గుమ్మంలో నిలబడి వేళాకోళానికి చేతులు జోడించాడు.

“ధనమ్మా, నాను చైర్మన్నయిపోనానే! రాయే, ఎత్తుకుంటాను.”

ధనశ్రీ కెవ్వుమంటూ పరిగెత్తి తల్లి చీర పట్టుకుంది. ఓటున్న మనిషి గనక మధులత ఆ సినిమా చూడలేదు. ఏమీ అర్థంకాక ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“ఏటైందే? నాన్నే గదా?”

“నాన్న కాదే. నాన్నని మింగీసినాడు. నాన్న గొంతుతో పిలుత్తన్నాడు.” పిల్ల వెక్కుతూ తల్లి కుచ్చిళ్లలో మొహం దాచుకుంది. “ఉమ్మీమను అమ్మా... మా నాన్నని ఉమ్మీమను.”