ఊరికే వచ్చిన మనిషి

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. అప్పుడే మొదలెట్టారా? సరే, వినండి.

అప్పట్లో నాకు తెనాలి చూడాలని మహా కోరికగా ఉండేది. "ఏమయ్యా పానకాలరావూ, రేపల్లె పక్కనే నగరం ఊళ్ళో ఉంటూ తెనాలి చూడకపోవడమేమిటి?" అంటారు మీరు. తెనాలి వెళ్ళడం వేరు, చూడడం వేరు. మా ఆవిడ శకుంతల బాబాయి వెంకట్రామయ్యగారిల్లు ఆ ఊళ్ళోనే. నేను రైలు దిగడం ఆలస్యం, రిక్షా ఎక్కించి వాళ్ళ సావిట్లో పట్టెమంచం మీద దించేవారు. తినమనేవారు, పడుకోమనేవారు, లేపి మళ్ళీ తినమనేవారు, తీసుకెళ్ళి రైలెక్కించేవారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తెనాలిలో నేను బాగా చూసింది ఆ సావిడి పైకప్పు.

ఒక్కరోజు, ఒక్కణ్ణే, ఎవరి అల్లుణ్ణీ కాకుండా ఆ ఊళ్ళో తిరగాలి. హోటల్లో తినాలి. లాడ్జిలో పడుకోవాలి. లాడ్జి గది లోపల ఎలా ఉంటుందో ఒక్కసారి చూడకపోతే నా జన్మ వృథా అనిపించేది. కానీ అయినవాళ్ళున్న ఊళ్ళో లాడ్జిలో దిగితే వాళ్ళ ముఖాన ఉమ్మేసినట్టే లెక్క. ఈ సంగతి బయటపడితే శకుంతల తన వాళ్ళముందు తలెత్తుకోలేదు. ఆ తర్వాత నేను ఇంట్లో తలెత్తుకోలేను.

ఐ.ఆర్. ఎనిమిది వరి కొత్తగా వచ్చిన రోజులు. మంచి సాకు దొరికింది.

"బాపట్ల వ్యవసాయ కాలేజీకి వెళ్ళి కొత్త విత్తనం సంగతి కనుక్కొస్తాను. రాత్రికి అక్కడే ఉంటాను," అన్నాను.

"విత్తనానికి ఇస్త్రీ చొక్కా ఎందుకండీ?" అంది శకుంతల.

"పెద్ద పెద్ద ఆఫీసర్లుంటారే."

"ఆ సెంటు కూడా ఆఫీసర్లకేనా?"

నేను దగ్గాను.

"తెనాలిలోనేగా బండి మారేది. పిన్నీవాళ్ళని ఓసారి చూసి రండి."

"టైమెక్కడిదే? ఈ బండి దిగడం, ఆ బండి ఎక్కడం."

రేపల్లెలో రైలెక్కి తెనాలిలో దిగాను. రిక్షావాళ్ళు గుర్తుపట్టకుండా తలమీద తువ్వాలు కప్పుకుని బయటపడ్డాను. ఎంత హాయి! ఎటు పోవాలో చెప్పేవాళ్ళు లేరు. కనబడిన హోటల్లోకి దూరి పెసరట్టు చెప్పాను.

"ఏ ఊరండి బాబాయిగారూ?" అన్నాడు సర్వరు.

"నగరం." అబద్ధమే ఆడాల్సింది. నోట్లో పెసరట్టుండేసరికి నిజం వచ్చేసింది.

"ఏం పనిమీదొచ్చారు?"

"పనేం లేదు. ఊరికే, ఊరు చూద్దామని."

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే."

అతను నావంక జాలిగా చూసి, అడక్కుండానే ఇంకాస్త అల్లప్పచ్చడి వేశాడు.

అక్కణ్ణించి కాలవ వంతెన మీదికెళ్ళాను. కింద పడవలు పోతున్నాయి. వాటిలో బస్తాలేమిటి, అవి ఎక్కడికి పోతాయి, ఆ పడవవాళ్ళు అన్నం ఎక్కడ వండుకుంటారు? ఇలాంటివన్నీ తెలుసుకోవాలని వంగి చూస్తుంటే ఎవరో నా చొక్కా పట్టుకున్నారు. సైకిలు దిగిన ఓ పెద్దమనిషి.

"తమ్ముడూ, వెనక్కి రా. ఏ కష్టమైనా నలుగురితో చెప్పుకుంటే తీరుద్ది."

"పడవలు చూస్తున్నానండి."

"చూసింది చాల్లే. పిల్లల మొహం తలుచుకో."

వంతెన దాటేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు.

నేరుగా లాడ్జికి వెళ్ళాను. మేనేజరు కొండయ్య నన్నూ, నా చేతిసంచినీ మార్చి మార్చి చూశాడు.

"కోర్టు పనాండి?"

"కాదు."

"మిల్లు పనా? పెళ్ళిచూపులా?"

"ఏ పనీ లేదండి. ఊరు చూసి, ఈ రాత్రి పడుకుని పోదామని."

"పనేం లేకుండా తెనాలి ఎవరొస్తారండీ?" అంటూ ఆయన గది తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఇంట్లో మాట పట్టింపులొచ్చాయా? పుస్తకంలో ఏ ఊరు రాశారూ, నగరమా? మన వెంకట్రామయ్యగారి అన్న కూతుర్ని ఇచ్చింది అక్కడేగా!"

నాకు ముచ్చెమటలు పోశాయి. ఆ చెమటలు చూసి ఆయనకు విషయం ఖాయమైపోయింది. నాకు సోడా తెప్పించి, వెంకట్రామయ్యగారింటికి మనిషిని పంపించాడు. సోడా అయ్యేలోగా మావగారు రిక్షాలో దిగారు.

మళ్ళీ అదే సావిడి, అదే పట్టెమంచం.

"మేముండగా లాడ్జీ ఏంటి అల్లుడూ?" అన్నారు మావగారు కళ్ళనీళ్ళతో. "అమ్మాయితో గొడవా?"

ఏం చెప్పను? గొడవ లేదంటే, మరి మా గడప ఎందుకు తొక్కలేదంటారు. మీ మర్యాదలు పడలేకనండీ అని ఏ నోటితో అనను?

"అవునండి," అన్నాను.

"దేనికి?"

"కాకరకాయ," అన్నాను. ఆ క్షణాన అదే తట్టింది. "రోజూ అదే వండుతోందండి."

అత్తగారు సీతారావమ్మగారు ముక్కున వేలేసుకున్నారు. "అయ్యయ్యో! మా శకుంతల ఇంత రాక్షసి అనుకోలేదు నాయనా."

సాయంత్రం బండికి నగరానికి మనిషి వెళ్ళాడు. మర్నాడు పొద్దున మొదటి బండికి శకుంతల దిగింది. గుమ్మంలోనే అక్షింతలు పడ్డాయి. కాపరం నిలబెట్టుకోవడం తెలియదా, మొగుణ్ణి లాడ్జీల పాలు చేస్తావా, ఇకమీదట ఇంట్లో కాకరకాయ కనబడకూడదు. తను అంతా విని నావంక చూసింది. మా ఇంట్లో కాకరకాయ వేపుడుకి గిన్నె నాకేది నేనే. నిజం ఇప్పుడే కక్కేస్తుందని గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాను. సిగ్గేసింది కూడా, నా మూలాన పాపం తను మాటలు పడుతోంది.

"తప్పు నాదే బాబాయ్," అంది శకుంతల, కళ్ళొత్తుకుంటూ. "మనసేం బాగాలేదు. కాసేపు ఒక్కదాన్నే అలా తిరిగొస్తాను. ఈయన్ని మాత్రం గుమ్మం దాటనివ్వకండి. మళ్ళీ ఎటైనా పోతారు."

"వెళ్ళిరా అమ్మా," అని మావగారు గుమ్మానికడ్డంగా కుర్చీ వేసుక్కూర్చున్నారు. అత్తగారు సున్నుండల పళ్ళెంతో నాముందు కూర్చున్నారు.

దీపాలవేళకి వచ్చింది మా ఆవిడ. ముఖం వెలిగిపోతోంది.

"పెసరట్టు తిన్నాను. కాలవ చూశాను. మాట్నీ కూడా చూశాను," అంది చెవిలో.

"ఎవరూ ఏ ఊరని అడగలేదా? పనేంటని పీక్కుతినలేదా?" అన్నాను ఉక్రోషంగా.

"అడిగారండీ. మొగుడు అలిగి వచ్చేశాడు, వెతుక్కుంటున్నానన్నాను. అంతే, పాపం అందరూ దగ్గరుండి ఊరంతా తిప్పారు. మీరున్నారేమోనని సినిమా హాల్లోకి ఊరికే పంపించారు. లాడ్జిలో ఇవాళ డ్యూటీ మనిషి వేరట, ఆయనైతే గదులన్నీ తెరిచి చూపించాడు."

నేను సున్నుండ మింగలేక, కక్కలేక అడిగాను. "గది ఎలా ఉందే?"

"కిటికీలోంచి కాలవ కనబడుతుందండీ," అంది.