ఏడో గడిలో గురువుగారు

చెన్నపట్నంలో సంగీతానికి సంపూర్ణ స్వేచ్ఛ ఉంది! ఎవరైనా, ఏదైనా పాడవచ్చు. అయితే మా రాయపురం తెలుగు వర్తక గానసమాజంలో పాడదలచినవారు మాత్రం ముందుగా ఈ కింది పనులు చెయ్యాలి. దరఖాస్తు ఫారం మూడు ప్రతులు నింపాలి. పుట్టిన తేదీకి బడి సర్టిఫికెట్టు జతపరచాలి. సత్ప్రవర్తనకు గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకం పెట్టించాలి. (దొంగతనం చేసినవాడు వచ్చి మోహన పాడిపోతే సమాజం పరువేం కావాలి?) అధ్యక్షులవారి ఇంటికి పోయి, ఆయన మేడ దిగేదాకా చెప్పులు విప్పి నిలబడాలి. ఏడో గడిలో గురువుగారి పేరు రాయాలి. ఎనిమిదో గడిలో గురువుగారి గురువుగారి పేరు రాయాలి. పదకొండో గడిలో, అప్పటికి ఓపిక మిగిలితే, పాట రాయాలి.

ఆ ఫారం తయారుచేసింది నేనే. నా పేరు బాలసుందరం, బి.ఏ. మా వంశంలో ఆ రెండక్షరాలూ నాతోనే మొదలు. మా నాన్న వేలిముద్ర మనిషి. మా తాత మునిస్వామి హార్బరులో బస్తాలు మోసి మోసి, నేను పుట్టడానికి ఏడాది ముందే పోయాడు. అందుచేత అచ్చుకాగితం కనిపిస్తే నాకు భక్తి. గడి కనిపిస్తే నింపేదాకా నిద్ర పట్టదు.

సమాజం అధ్యక్షులు ఆదికేశవులు చెట్టిగారు. చింతపండు టోకు వ్యాపారం. కింద వారి చింతపండు గోడౌను, పైన మా సమాజం హాలు. నేను పగలు కింద గుమాస్తాను, సాయంత్రం పైన కార్యదర్శిని. గోడౌను గోడకు "పనివేళల్లో పాటలు పాడరాదు" అని బోర్డు రాసిందీ నేనే, హాలు గుమ్మానికి "గానమే మోక్షము" అని రాసిందీ నేనే. ఒకే డబ్బా రంగు.

డెబ్బయి అయిదులో మేము యువ గాయకుల దినం తలపెట్టాం. తిరువొత్తియూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. ఎనామెల్ గిన్నెల ఫ్యాక్టరీలో పని. పేరు కోకిల. భుజాన ఒక గిటారు. మూర్ మార్కెట్లో పాతది కొన్నదట. అయిదు తీగలు సొంతం. ఆరో తీగ చోట చేపలు పట్టే నైలాన్ దారం కట్టింది.

నేను పెన్ను తీశాను.

"గురువు?"

"లేరు సార్."

"కాలం చేశారా?"

"పుట్టనే లేదు సార్."

"మరి సంగీతం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ఈడనే సార్, మీ కాళ్ల కింద. మీ గోడౌన్లో చింతపండు కొడతాదే చెంగమ్మ, ఆమె మా అవ్వ. నలభై ఏండ్లుగా కొడతావుండాది. నేను ఆ గోనెపట్టల మీదనే పెరిగినా. అవ్వ రెండు దెబ్బలు కొడతాది, మూడోదానికి కొట్టదు, ఏలితో గింజ ఎగరగొడతాది. టక్, టక్, ఖాళీ. టక్, టక్, ఖాళీ. ఆ ఖాళీలో పాట ఆగాల. గింజ ఎగిరినాక మళ్లా ఎత్తుకోవాల. అంతే సార్ నా తాళం."

"రాగమో?"

"రైల్లో వస్తాది సార్. తిరువొత్తియూర్లో ఎక్కితే రాయపురంలో దిగేలోపల ఒక పాట అయిపోతాది. సీటు దొరికితే రెండు."

"పాడు చూద్దాం."

పాడింది.

*మనలిలో ఆరని మంట ఒకటుండాది*
*మా ఇంట్లో అంటని పొయ్యి ఒకటుండాది*
*రెంటికీ నడమ రోడ్డు ఒకటుండాది*
*ఆ రోడ్డున కిరసనాయిలుకి నేను నిలబడుండా*

మనలి అంటే తిరువొత్తియూరు పక్కనే, చమురు కర్మాగారం గొట్టం మీద రాత్రింబగళ్లు మంట ఆరని ఊరు. ప్రతి మూడో దెబ్బకూ పాట ఆగేది. ఆగినప్పుడల్లా నా గుండె కూడా ఒక దెబ్బ ఆగి మళ్లా కొట్టుకునేది. ఎకనామిక్స్‌లో మూడేళ్లు చదివినా అర్థంకాని సంగతి ఏదో ఆ నాలుగు ముక్కల్లో అర్థమైనట్టనిపించింది. ఏడో గడిలో "చెంగమ్మ, చింతపండు కొట్టుట" అని నిజాయితీగా రాసి, అధ్యక్షులవారికి సమర్పించాను.

చెట్టిగారు కళ్లద్దాలు పైకి తోశారు.

"ఏమప్పా బి.ఏ., నీకు బుద్ధుండాదా? మన గోడౌను ఆడదాన్ని గురువని అచ్చేస్తే నలుగురు పెద్దోళ్లలో మన మొగమేం గాను?"

"పాట చాలా బాగుందయ్యా."

"పాట ఎవురడిగినారు? నేను ఏడో గడి అడుగుతావుండా!"

"ఖాళీగా వదిలేస్తే?"

"నీ ఫారంలో నువ్వే రాసుండావే! 'ఖాళీ గడులున్న దరఖాస్తు తిరస్కరించబడును' అని. చదువు. దాని కింద గీత గూడా గీసుండావు."

నిజమే. స్కేలు పెట్టి గీశాను.

"అయితే ఎవరి పేరు రాయమంటారు?"

"బతికినోళ్లు వద్దప్పా. నేను నేర్పలేదని వచ్చి గలాటా చేస్తారు. పోయినోళ్లలో ఎవురినన్నా చూడు. పోయినోళ్లు చానా మర్యాదస్తులు."

పోయినవాళ్లలో నాకు బాగా తెలిసినవాడు ఒక్కడే. చెయ్యి దానంతటదే రాసింది: "గానగంభీర పొన్నేరి మునిస్వామి భాగవతార్, పరమపదం 1948." పొన్నేరి ఎందుకంటే, ఒకసారి అక్కడ పెళ్లిభోజనం చేశాను. ఎనిమిదో గడిలో "వారి తండ్రిగారే" అని రాశాను. గిటారును చెట్టిగారి సలహా మీద "పాశ్చాత్య వీణ" చేశాను. గడులన్నీ నిండాయి. కాగితం ఎంత అందంగా ఉందో!

కోకిల చూసి ముఖం చిట్లించింది. "ఎవురు సార్ ఈయన?"

"ఎవరూ కాదమ్మా, గడి నిండాలని రాశాను. పాట నీదే. నీ పేరుతోనే ఉంటుంది. దానికి నాది పూచీ."

పూచీ అన్నాను. ఆ మాట కాస్త గుర్తుంచుకోండి. నేను ఆ తర్వాత కొంతకాలం మరిచిపోయాను.

కచేరీ బ్రహ్మాండంగా జరిగింది! చప్పట్లు ఆగలేదు. ఆగగానే చెట్టిగారు మైకు పట్టుకున్నారు.

"పొన్నేరి భాగవతార్‌వాళ్లు మా ఇంటికి వస్తావుండిరి. నేను చిన్నపిల్లోణ్ణి. మా నాయన ఆయన్ను ఉయ్యాలబల్ల మీద కూచోబెట్టి, వెండి గ్లాసులో కాఫీ ఇస్తావుండినాడు."

నేను ఉలిక్కిపడ్డాను. ఉపాధ్యక్షులు తిరువేంగడంగారు కళ్లు తుడుచుకుంటూ లేచారు.

"ముప్పై ఆరులో కంచిలో విన్నాను సార్. ఒకే పాట, నాలుగు గంటలు!"

"నాలుగెక్కడ? ఆరు గంటలు!" అన్నారు వెనక వరసలో ఒక పెద్దమనిషి. "నేను మధ్యలో భోంచేసి వచ్చినా గూడా పల్లవిలోనే ఉండారు."

కోకిల పాట ఎట్లా ఉందో ఎవరూ అనలేదు. అంతటి గురువుకు శిష్యురాలు కావడం ఆ పిల్ల పూర్వజన్మ సుకృతమన్నారు.

మరుసటి వారమే సమాజం ఏకగ్రీవంగా తీర్మానించింది: భాగవతార్‌వారి వర్ధంతిని ఏటా జరపాలి. పటం కావాలి. కార్యదర్శి సంపాదించాలి. కార్యదర్శి సంపాదించాడు. మా ఇంట్లో తాతది ఒకే ఫోటో ఉంది, హార్బరులో ఏ ఓడ దొరో కూలీలందరినీ నిలబెట్టి సరదాగా తీసింది. అందులోంచి తాత ముఖం వరకు పెద్దది చేయించాను. తల మీద బరువుకోసం చుట్టుకున్న సుమ్మాడు అట్లాగే ఉండిపోయింది.

చెట్టిగారు పటం ముందు చేతులు జోడించారు.

"చూడండప్పా ఆ తలపాగా! ఆస్థాన విద్వాంసుల కట్టు! ఈ కాలంలో ఎవురికి వస్తాది?"

పటం వచ్చిన పదో రోజుకు ప్రధాన శిష్యుడు కూడా వచ్చారు. విద్వాన్ కోదండరాంగారు, కోస్తా నుంచి. జరీ అంచు ఉత్తరీయం, నుదుట కుంకం. పన్నెండేళ్లు గురుకులవాసం చేశారట. గురువుగారిని సృష్టించినవాణ్ని నేను. అయినా ఆయన లోపలికి రాగానే లేచి నిలబడ్డాను! అంత గాంభీర్యం.

ఆయనకు సమాజం పాత దస్త్రాలు చూపించవలసిందని ఉత్తర్వు. చూపించాను. రెండు నెలలకు "భాగవతార్ కీర్తనలు" పుస్తకం అచ్చయింది. ఏడు కీర్తనలు. ఏడూ కోకిల మూడు ప్రతుల్లో పదకొండో గడిలో రాసిచ్చినవే. మూడో దెబ్బ దగ్గర ఖాళీ ఉన్న చోటల్లా "మునీశ" అనే ముద్ర మాత్రం కొత్తగా చేరింది. కోకిల పేరు ఎక్కడా లేదు.

మొదటి వర్ధంతి కచేరీకి కోకిల కూడా దరఖాస్తు పెట్టింది, ఈసారి కొత్త పాటలతో. కొత్తవి కుదరవనీ, వర్ధంతికి గురువుగారివే పాడాలనీ, అవి కూడా ముందుగా కోదండరాంగారి ఎదుట పరీక్షకు పాడి చూపాలనీ నిబంధన. నిబంధన టైపు చేసింది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఆమె తన పాటే ఎత్తుకుంది. రెండో చరణంలోనే కోదండరాంగారు చెయ్యెత్తారు.

"ఆగమ్మాయీ. మూడో దెబ్బేదీ?"

"ఉండదు సార్."

"ఉండకపోవడమేమిటి? అక్కడ 'మునీశ' అని పడాలి. గురువుగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పిన పాఠం!"

"ఆడ గింజ ఎగరాల సార్."

"ఏం గింజ?"

"చింతగింజ."

సభ్యులందరికీ ఒకేసారి దగ్గు వచ్చింది. కోదండరాంగారు ఉత్తరీయం సర్దుకుని తీర్పు చెప్పారు: "ఈ పిల్లకు పాఠం లేదు, సంప్రదాయం లేదు. ఈమె మా గురువుగారి శిష్యురాలు అనడానికి ఏ ఆధారమూ లేదు."

ఆ హాల్లో అంతవరకు ఎవరైనా పలికిన మొదటి నిజం అదే!

"సరేమ్మా, పోయి రా," అన్నారు చెట్టిగారు.

కోకిల గిటారు భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర నా వైపు తిరిగింది.

"పూచీ అంటిరే సార్."

అంతే అంది. కోపం కూడా లేదు. ఉంటే బాగుండేది. ఆమె మెట్లు దిగిపోయింది. నేను లేచి నిలబడ్డాను.

"అయ్యా, ఆ పాటలు కోకిలవి. భాగవతార్ అనే మనిషే లేడు. ఆయన్ను పుట్టించింది నేను!"

చెట్టిగారు జాలిగా నవ్వారు. "ఏమప్పా బి.ఏ., ఆయన పోయింది నలభై ఎనిమిదిలో. నువ్వు పుట్టింది నలభై తొమ్మిదిలో. నువ్వెట్ల పుట్టిస్తావు?"

లెక్క సరిగానే ఉంది. నేను తడబడి మరో ఆధారం చూపాను.

"మనలిలో చమురు కర్మాగారం వచ్చి ఆరేళ్లే కదయ్యా! నలభై ఎనిమిదిలో పోయిన మనిషి ఆ మంట మీద పాట ఎట్లా కడతాడు?"

గెలిచాననుకున్నాను. కోదండరాంగారు మెల్లగా కళ్లు మూసుకున్నారు.

"అదే మా గురువుగారి త్రికాలజ్ఞత."

చెట్టిగారు లెంపలు వేసుకున్నారు. తిరువేంగడంగారి ఒళ్లు గగుర్పొడిచింది. చొక్కా చెయ్యి మడిచి అందరికీ చూపించారు.

నాకు ఒళ్లు మండింది. "ఆ పటం మా తాతదయ్యా! తల మీదుండేది తలపాగా కాదు, సుమ్మాడు! మీ నాయనగారి మండీకి బస్తాలు మోశాడు. మీ ఇంటికి వచ్చేవాడు, నిజమే. వెనక వాకిలి దాకా! ఉయ్యాలబల్ల కాదు, గడప కూడా ఎక్కనియ్యలేదు!"

చెట్టిగారి ముఖం మారింది. నెమ్మదిగా లేచి నా దగ్గరికి వచ్చారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఇంట్లో ఏడుగురికి జీతం నాదొక్కటే.

ఆయన స్వహస్తాలతో నాకొక కుర్చీ లాగారు. ఆరేళ్లలో ఆ గదిలో నాకు వేసిన మొదటి కుర్చీ.

"భాగవతార్ మనవడివా నువ్వు! ఇన్నాళ్లూ ఒక మాట చెప్పలేదే! ఎంత అణకువ!" అని సభ్యుల వైపు తిరిగారు. "చూసినారా అప్పా, వంశం! అందుకే బి.ఏ. వచ్చింది."

తీర్మానం ఏకగ్రీవం: వర్ధంతి నాడు గురువుగారి వారసుడికి పట్టుశాలువ. బస్తాల సంగతి మినిట్సు పుస్తకంలో లేదు. చూశాను, రాసింది నేనే.

శాలువ తిరస్కరించానని రాస్తే కథకు గౌరవంగా ఉంటుంది. తీసుకున్నాను. అది వెచ్చగా కూడా ఉంది. ఆ రోజు సభలో నా పక్కన పటంలోంచి తాత నన్నే చూస్తున్నాడు. బతికినన్నాళ్లూ తల మీది బరువుకు కళ్లెత్తని మనిషి.

సభ ముగిశాక శాలువను చంకలో దాచుకుని కిందికి దిగాను. గోడౌను మెట్ల మీద కోకిల కూచుని నైలాన్ దారం బిగిస్తోంది. లోపల చెంగమ్మ చింతపండు కొడుతోంది.

"సార్, ఆ పొద్దు మీరు పైన అరిచింది మెట్ల మీదికి ఇనబడింది. మీ తాత నిజంగా బస్తాలు మోసిన మనిషేనా?" అంది కోకిల.

"అవునమ్మా."

"అయితే ఉండనీ. ఆ పైనుండేవోళ్లకి ఇచ్చేదానికన్నా మేలు. నా ఏడు పాటలూ గూడా ఆయనే మోయనీ. నేను వేరేటివి కడతా. రైలు ఉండాది గదా."

"ఏమే, మాటలు చాలించి పాడవే!" లోపలి నుంచి చెంగమ్మ అరిచింది. "చెయ్యి సాగడం లేదు!"

కోకిల "పాటలు పాడరాదు" అనే నా బోర్డు కిందనే కూచుని ఎత్తుకుంది. టక్, టక్, గింజ. టక్, టక్, గింజ. పైన చెట్టిగారు కిటికీ మూయించారు.

ఇది జరిగి ఏళ్లయింది. వర్ధంతి ఏటా జరుగుతూనే ఉంది. పుస్తకం మూడో ముద్రణకు వచ్చింది. ముందుమాట నాదే. కోకిల పేరు రెండుసార్లు రాశాను, రెండుసార్లూ అచ్చుతప్పుగా భావించి తీసేశారు.

కాబట్టి పాఠకులను ఒక్కటి వేడుకుంటున్నాను. ఫారం అక్కర్లేదు, మూడు ప్రతులూ అక్కర్లేదు. ఎప్పుడైనా ఏ సభలోనైనా ఆ మనలి మంట పాట వినిపిస్తే, మూడో దెబ్బ దగ్గర "మునీశ" అంటారు. మా తాత ఏమీ అనుకోడు. ఆ మాటను అక్కడినుంచి దించేసి, మీ మనసులో "కోకిల" అనుకోండి. మూడక్షరాలే. ఒక చింతగింజ ఎగిరినంతసేపు పడుతుంది.