అరవయ్యో రోగికి పదికి పది

ఆ ఉదయం రీసెర్చి సిస్టర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి అరవయ్యో రోగి చేతి పట్టీ విప్పాలి. నొప్పి ఫారం తీసుకోవాలి. పదకొండింటికి వచ్చే తనిఖీ అధికారి ముందు ఆఖరి ఫైలు పెట్టాలి. ఆ తర్వాత, రెండేళ్ళలో మొదటిసారి, టీ వేడిగా ఉండగానే తాగాలి.

రెండేళ్ళుగా ఆ ఆసుపత్రిలో ఒక పరిశోధన నడుస్తోంది. బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేయించుకున్నవాళ్ళలో సగం మందికి, మత్తులో ఉండగానే పొట్ట కండరాల మధ్యకి తిమ్మిరి మందు ఎక్కిస్తారు. మిగతా సగానికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికేది పడిందో రోగికి తెలియదు, సిస్టర్‌కి తెలియదు, కోసి కుట్టిన పెద్ద డాక్టరుకీ తెలియదు. ఆ రహస్యం మందుల గదిలో, సీలు వేసిన కవర్లలో ఉంటుంది. ఆపరేషనయ్యాక రోగి తన నొప్పికి నాలుగు గంటలకోసారి అంకె వేయాలి. సున్నా అంటే హాయి, పది అంటే భరించలేనిది. ఎన్ని అడుగులు నడిచాడో, నాడి ఎలా కొట్టుకుంటోందో చేతి పట్టీ చెబుతుంది. అరవై ఫైళ్ళూ సవ్యంగా ఉంటేనే కవర్లు తెరుస్తారు. ఒక్కటి చెడినా కొత్త రోగి కోసం నెలల తరబడి ఆగాలి. సిస్టర్ ఉద్యోగానికి ఈ నెలాఖరే గడువు. అంటే ఆ కవర్లు ఇంకెవరో తెరుస్తారు.

అరవయ్యో రోగి లెక్కల మాస్టారు. నూట నలభై రెండు కిలోలు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎవరికీ పదికి ఎనిమిది మించి వేసి ఎరగడు.

సిస్టర్ వెళ్ళేసరికి మాస్టారు దుప్పటి కప్పుకుని గురక పెడుతున్నాడు. తోడుగా ఉన్న ఆయన భార్య, మాస్టారమ్మ, గదిలో లేదు. మంచం కాళ్ళ దగ్గర అట్టకి ఫారం తగిలించి ఉంది. సిస్టర్ అట్టని వెలుతురుకి పట్టి అంకె చూసింది. పది.

చేతిలోని ట్యాబ్ చూసింది. నిన్నటి అడుగులు: పదకొండు వేల నాలుగు వందలు. ఇప్పటి నాడి: నూట ఇరవై ఎనిమిది.

సిస్టర్ ఫోన్ చేసిన రెండు నిమిషాల్లో పెద్ద డాక్టరు పరుగున వచ్చాడు. "పదా? నిన్నంతా మూడు దాటలేదు కదా! నాడి కూడా పెరిగిందంటే లోపల కుట్టు లీకైనట్టే." దుప్పటి బయటున్న కుడి చేయి పట్టుకుని వాచీ చూసుకున్నాడు. "నాకు డెబ్బై రెండే తగులుతోందేంటి?"

"ట్యాబ్‌లో నూట ముప్పై, సార్."

"అయితే నా వేళ్ళకే వయసైపోయింది. స్ట్రెచర్!"

ఈ గోలకి మాస్టారు కళ్ళు తెరిచాడు. "ఏమైందండీ?"

"నొప్పి ఎలా ఉంది మాస్టారూ?"

"మూడు."

"ఇందాక పది అని రాశారుగా!"

"నేనా? పది నేనెవరికీ వెయ్యను."

డాక్టరు సిస్టర్ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మతి కూడా తడబడుతోంది." మళ్ళీ ట్యాబ్ వైపు చూశాడు. ఆయన ముఖంలో భయం స్థానంలో మెల్లగా ఇంకేదో వచ్చింది. "పదికి పది నొప్పితో పదకొండు వేల అడుగులా! ఇరవయ్యేళ్ళలో ఇలాంటి మనిషిని చూళ్ళేదు. ఇది శరీరమా, ఉక్కా?"

మాట వార్డంతా పాకింది. ఆయా చీపురు పట్టుకుని నోరు తెరిచి నిలబడిపోయింది. మూడు రోజులుగా లేవనని మొరాయిస్తున్న పక్క మంచం ఆయన, ఎవరూ చెప్పకుండానే సిగ్గుపడి లేచి రెండడుగులు వేశాడు.

స్కాన్ గది మూడో అంతస్తులో ఉంది. స్ట్రెచర్ లిఫ్టెక్కింది. సరిగ్గా అప్పుడే మాత్రలు కొనుక్కుని పైకొచ్చిన మాస్టారమ్మకి ఖాళీ మంచం కనిపించింది.

"అయ్యయ్యో! ఏమండీ!" అంటూ ఆవిడ, ఆయా పైకి చూపించగానే మెట్లకేసి పరిగెత్తింది.

లిఫ్టులో ట్యాబ్ అంకెలు ఎగబాకుతున్నాయి. నూట నలభై రెండు. నూట యాభై ఒకటి. "మనిషి చేజారిపోతున్నాడు!" అన్నాడు డాక్టరు. మాస్టారు మాత్రం వెల్లకిలా పడుకుని లిఫ్టు పైకప్పులోని స్క్రూలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఒంటి మీద లోహం ఉండకూడదు. పట్టీ తీసెయ్యండి," అన్నాడు స్కాన్ టెక్నీషియన్.

సిస్టర్ దుప్పటి తొలగించింది. ఎడమ చేయి బోసిగా ఉంది. కుడి చేయీ అంతే. ట్యాబ్‌లో నూట అరవై.

స్ట్రెచర్ తోసినవాడు ఒకడుగు వెనక్కి వేశాడు. "పట్టీ లేకుండానే నాడి పంపిస్తున్నాడయ్యా ఈయన!"

తలుపు ధడాలున తెరుచుకుంది. మాస్టారమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేయి గుండెల మీద వేసుకుని ఎగరొప్పుతోంది. ఆ చేతికి పట్టీ ఉంది.

"మా ఆయన్ని... ఎక్కడికి... లాక్కొచ్చారు?"

ట్యాబ్‌లో నూట అరవై నాలుగు.

"అది మీ చేతికెలా వచ్చిందమ్మా?" అంది సిస్టర్, ఏడవడానికీ నవ్వడానికీ మధ్యలో.

"మొన్న ఒళ్ళు తుడిచేటప్పుడు తీశారు. ఖరీదైన వస్తువు, పోతే మాట పడాలని నేనే పెట్టుకున్నా."

"మరి ఫారంలో పది?"

"వేళకి నింపాలన్నావుగా. ఆయనేమో నిద్ర. రెండు రోజులుగా కూర్చోకుండా తిరుగుతున్నావు తల్లీ. ఈయన చేత్తో పది ఎలాగూ రాదు, పోనీ నేనైనా వేద్దామని... ఆ మార్కులు నీకే!"

వెనక ఎవరో దగ్గారు. తనిఖీ అధికారి. చెప్పిన వేళకి రావడం తనిఖీ అధికారుల జాతకంలోనే లేదు. "పట్టీ వేరే మనిషిది, అంకె వేరే మనిషిది. ఈ ఫైలు చెల్లదు," అన్నాడు.

సిస్టర్ ట్యాబ్ కట్టేసింది.

"ఆగండి," అన్నాడు మాస్టారు స్ట్రెచర్ మీద నుంచి. "నా దిండు కింద నోటు పుస్తకం ఉంది, తెప్పించండి. యంత్రాన్ని నమ్మి లెక్క వదిలేస్తానా నేను?"

పుస్తకం వచ్చింది. గీతలు కొట్టి, గళ్ళు వేసి, నాలుగు గంటలకోసారి వేళతో సహా రాసిన అంకెలు. నొప్పి మూడు, మూడు, రెండు, మూడు. నిన్న తను నడిచిన అడుగులు ఆరు వందల నలభై. అధికారి కళ్ళజోడు సర్దుకుని పేజీలు తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఒక గడి దగ్గర ఆగాడు.

"ఈ 'ఆవిడ' అన్న గడి ఏంటి?"

"వరండా ఈ చివర్నించి ఆ చివరికి నూట పద్దెనిమిది అడుగులు. పోను రాను రెండు వందల ముప్పై ఆరు. నిన్న నలభై ఎనిమిది సార్లు తిరిగింది. పదకొండు వేల మూడు వందల ఇరవై ఎనిమిది."

"పట్టీలో పదకొండు వేల నాలుగు వందలుంది. డెబ్బై రెండు తేడా!"

మాస్టారు భార్య వైపు చూశాడు. "నిన్న మెట్లు దిగావా?"

"మాత్రల కోసం ఒక్కసారి."

"ముప్పై ఆరు మెట్లు. దిగడం, ఎక్కడం. డెబ్బై రెండు."

అధికారి పుస్తకాన్ని రెండు చేతులతో మూసి, గాజు వస్తువులా సిస్టర్‌కి అందించాడు. "పట్టీ పనికిరానప్పుడు రోగి స్వహస్తాలతో రాసిన లెక్క చెల్లుతుంది. నిబంధనల్లో ఉంది. ఈ పొద్దుటి అంకె కూడా ఆయన చేతే వేయించండి, గంట ఆలస్యానికి అనుమతుంది." మాస్టారు కలం తీసుకుని మూడు వేశాడు.

నెలాఖరుకి రెండు రోజుల ముందు కవర్లు తెరిచారు. తిమ్మిరి మందు పడినవాళ్ళలో చాలామందికి నొప్పి సగానికి సగం తక్కువ. వాళ్ళు ఒకరోజు ముందే ఇల్లు చేరారు. అరవయ్యో కవరు సిస్టర్ తన చేతులతో చించింది. కాగితం రెండుసార్లు చదివి డాక్టరుకిచ్చింది.

పదకొండు కిలోలు తగ్గి చెకప్‌కి వచ్చిన మాస్టారు ఎదురుగా కూర్చున్నాడు. పక్కనే మాస్టారమ్మ.

"మాస్టారూ, మీకు పడింది ఉప్పునీళ్ళు!" అన్నాడు డాక్టరు. "అవి పడినవాళ్ళు ఏడూ ఎనిమిదీ వేశారు. మీకు మూడెలా వచ్చింది?"

మాస్టారు కళ్ళు భార్య చెప్పుల మీద పడ్డాయి. "నేను మూలిగితే ఆవిడ కూర్చోలేదండీ. లేచి వరండాలో తిరుగుతుంది. నేను ఆ చెప్పుల చప్పుడు లెక్కపెట్టేవాణ్ణి. నూట పద్దెనిమిదికి నొప్పి సగం తగ్గేది. తిరిగి గుమ్మం దాకా వచ్చేసరికి మూడే మిగిలేది."

డాక్టరు కలం కింద పెట్టేశాడు. సిస్టర్ టీ ఎప్పటిలాగే చల్లారిపోయింది.

"మరి నాకెన్ని మార్కులు?" అంది మాస్టారమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"తొమ్మిది."

"ఆ ఒక్కటీ ఎందుకు కోశారు?"

"పక్కవాడి పేపర్లో జవాబు రాసినందుకు," అన్నాడు మాస్టారు.