ముందుకు తోస్తే ప్లస్

చేయి ఒకసారి నేర్చుకున్న పనిని జన్మలో మరిచిపోదని చాలామంది నమ్మకం. రుజువుగా ఈతనూ సైకిలునూ చూపిస్తారు. నలభై ఏళ్ల తరువాత నీళ్లలో దిగినవాడు కూడా మునగలేదంటారు. మునిగినవాడు వచ్చి సాక్ష్యం చెప్పడు కనుక ఆ లెక్క ఎప్పుడూ సరిగానే తేలుతుంది. చేయి మరిచిపోదన్నది ఒప్పుకుందాం. మరిచిపోవలసిన అవసరం వస్తే ఏమవుతుందన్నది మాత్రం ఎవరూ పరీక్షించినట్టు లేదు. ఆ పరీక్షను, తన ఇష్టంతో నిమిత్తం లేకుండా, గేరు మాస్టారు చేశారు.

మాస్టారు ముప్ఫై ఆరేళ్లు డ్రైవింగు స్కూల్లో పాఠాలు చెప్పారు. ఆయనవి రెండు సూత్రాలు. ఒకటి, కళ్లు రోడ్డును వదలకూడదు. గేరు కడ్డీ వైపు చూసినవాడికి ఆ రోజు పాఠం రద్దు. రెండు, బండి కదులుతుండగా గురువు మాటకు ఎదురు మాట ఉండకూడదు. ఈ రెండు సూత్రాలతో ఊళ్లో సగం మంది చేత స్టీరింగు పట్టించి, నాలుగేళ్ల క్రితం రిటైరయ్యారు. అప్పటినుంచి ఇంట్లో తలుపులు ఎవరు ఎంత గట్టిగా వేస్తున్నారో గమనించడం తప్ప ఆయనకు వేరే ఉద్యోగం లేదు.

అటువంటి సమయంలో స్కూలు నుంచి కబురు వచ్చింది. ఇప్పుడు దాన్ని నడుపుతున్నది ఆయన పాత శిష్యురాలే. ఆటోమేటిక్ కార్లకు కొత్త తరగతి పెడుతోంది. ఆదివారం ముగ్గురు కొత్త బోధకులకు మాస్టారు ఒక పాఠం నడిపి చూపించాలి. అది సవ్యంగా సాగితే ఉదయం ఏడు గంటల తరగతి ఆయనదే. ఆ మాట విన్న రాత్రి మాస్టారు తెల్లచొక్కా తానే ఇస్త్రీ చేసుకున్నారు. ఆదివారానికి ఇంకా ఆరు రోజులున్నాయి.

మంగళవారం ఉదయం పథకం చాలా మామూలుది. తన బండి అమ్మేశారు కనుక కూతురి ఆటోమేటిక్ కారు తీసుకోవాలి. భార్యను కళ్లద్దాల దుకాణం దగ్గర దింపాలి. దారిలో ఫ్లైఓవరు మీద నాలుగు గేర్లు వేసి చేతి తుప్పు వదిలించుకోవాలి. ఆటోమేటిక్ కారు దాని గేర్లు అదే వేసుకుంటుంది. కావాలంటే కడ్డీని పక్క గాడిలోకి జరిపి మనమూ వేసుకోవచ్చు. మాస్టారు అమ్మేసిన పాత బండీ ఆ రకమే; దానిలో ముందుకు తోస్తే గేరు పెరిగేది, వెనక్కి లాగితే తగ్గేది. పెరగడమంటే ముందుకే కదా అని ఆయన దాన్ని ప్రకృతి నియమాల్లో చేర్చుకున్నారు.

ఫ్లైఓవరు ఎక్కుతూ, బలం కోసం గేరు తగ్గిద్దామని కడ్డీని వెనక్కి లాగారు. బండి మూలిగింది. ఇంకోసారి లాగారు. బండి నీరసపడి, వెనక ఉన్న వాళ్లందరి చేతా హారన్లు కొట్టించింది. ఎలాగో పైకి చేరాక వేగం అందుకుందామని ముందుకు తోశారు. ఇంజను గావుకేక పెట్టి బండిని పట్టి లాగింది. భార్య ఒళ్లోని కళ్లద్దాల పెట్టె ఎగిరి సీటు కిందికి దూరింది.

"ఏమండీ, అద్దాలు బాగు చేయించడానికి వెళ్తున్నామా, పగలగొట్టడానికా?"

"బండిలో లోపం ఉంది. గేరు తిరగేసి బిగించారు."

"అమ్మాయి ఏడు నెలల నుంచి తోలుతోందిగా. ఒక్కరోజూ అనలేదే."

"దానికేం తెలుస్తుంది, పళ్ల డాక్టరుకి."

అక్కడితో ఆగి ఉంటే ఇది కథ అయ్యేది కాదు. మాస్టారు బండిని తిన్నగా మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లారు. మెకానిక్ కూడా పాత శిష్యుడే. రెండో సూత్రం కింద పెరిగినవాడు. అతను కారులోకి తల పెట్టి చూశాడు. కడ్డీ పక్కన చిన్న ప్లేటు మీద ముందువైపు మైనస్, వెనకవైపు ప్లస్ స్పష్టంగా ఉన్నాయి. ప్లేటును చూశాడు, మాస్టారిని చూశాడు, మళ్లీ ప్లేటును చూశాడు.

"ఏరా, కనబడిందా లోపం?"

"చూస్తాను మాస్టారూ. శనివారం దాకా ఉంచండి."

ఇంటికి రాగానే మాస్టారు స్కూలుకు ఫోను చేసి, ఆ రకం బండ్లలో గేరు తిరగబడి ఉందనీ పిల్లల్ని జాగ్రత్తగా ఉండమనీ హెచ్చరించారు. శిష్యురాలు ఆ మాటను వెంటనే నోటీసు బోర్డు మీద పెట్టింది. బుధవారం నాటికి ఇద్దరు విద్యార్థులు కొనదలచిన ఆ కార్లను వద్దనుకున్నారు. గురువారం ఆ కార్లు అమ్మే షోరూము మేనేజరు టై కట్టుకుని స్కూలుకు వచ్చి, ఆదివారం పాఠం మాస్టారి కూతురి కారులోనే నడపమనీ, తానూ హాజరై ఆ లోపాన్ని కళ్లారా చూస్తాననీ చెప్పి వెళ్లాడు.

శిష్యురాలు ఆ సంగతి ఫోనులో చెప్పగా, గురువారం మధ్యాహ్నమే మాస్టారు, మేనేజరుకు వాదన సిద్ధం చేసుకుందామని, కూతురి అల్మరాలోంచి కారు తాలూకు పుస్తకం తీశారు. దాని ప్లాస్టిక్ తొడుగు ఇంకా విప్పలేదు. ఎనభై మూడో పేజీలో బొమ్మ వేసి మరీ ఉంది: ముందుకు తోస్తే తగ్గును, వెనక్కి లాగితే పెరుగును. కింద కారణం కూడా రాశారు. బండి వేగం అందుకునేటప్పుడు మనిషి వెనక్కి వాలతాడు, కనుక లాగడం సులువు. వేగం తగ్గేటప్పుడు ముందుకు తూలతాడు, కనుక తోయడం సులువు. మనిషి ఎటు తూలతాడన్నది మాస్టారు ముప్ఫై ఆరేళ్లపాటు మొదటి రోజునే చెప్పిన పాఠం. ఆయన చెవులు వేడెక్కాయి. ఇంట్లో ఎవరూ లేకపోయినా పుస్తకాన్ని చొక్కా కింద దాచుకుని గదిలోకి వెళ్లారు.

ఫోను చేతిలోకి మూడుసార్లు తీసుకున్నారు. మెకానిక్‌కు ఏమని చెప్పాలి? చదవకుండా మాట్లాడానని చెప్పాలి. శిష్యురాలికి చెబితే బోర్డు మీద నోటీసు పోతుంది, దానితోపాటు ఏడు గంటల తరగతీ పోతుంది. మూడుసార్లూ ఫోను కింద పెట్టేశారు. షెడ్డులో వాడికి ఏ లోపమూ దొరకదు, బండి ఉన్నది ఉన్నట్టు తిరిగి వస్తుంది, ఈలోగా చేతిని తిప్పుకుంటే సరి అని తీర్మానించుకున్నారు.

కారు షెడ్డులో ఉంది కనుక కుర్చీలో కూర్చుని, గొడుగును మోకాళ్ల పక్కన నిలబెట్టి సాధన మొదలుపెట్టారు. లాగితే ప్లస్, తోస్తే మైనస్. మొదటి రోజు చేయి వంద సార్లలో డెబ్బై సార్లు అబద్ధమాడింది. శుక్రవారం సాయంత్రానికి నలభైకి దిగింది.

"ఆ గొడుగుని ఎక్కడిదాకా తోలారు?" భార్య గుమ్మంలోంచి అడిగింది.

"మోకాలి నొప్పికి కసరత్తు."

"మోకాలికైతే చేయి ఎందుకు ఊపుతున్నారు?"

శనివారం రాత్రికి చేయి పూర్తిగా దారికొచ్చింది. అప్పుడే మెకానిక్ ఫోను చేశాడు.

"అయిపోయింది మాస్టారూ. మీరన్నట్టే సరిచేశాను. రేపు బండి నేనే గ్రౌండుకు తెచ్చేస్తాను."

మాస్టారు ఫోను పెట్టేసి ఆలోచించారు. వాడు ఏమీ చేసి ఉండడు. తన పరువు కాపాడటానికి సరిచేశానంటున్నాడు. ఇంత మంచి శిష్యుణ్ణి ఒకప్పుడు స్టీరింగు పట్టుకున్న చేతి మీద స్కేలుతో కొట్టానే అని కూడా అనుకున్నారు.

ఆదివారం స్కూలు గ్రౌండులో, చిన్న ఎత్తు ఎక్కి దిగే సిమెంటు దారి చివర, 'మా గురువుగారికి స్వాగతం' అని గుడ్డ బ్యానరు కట్టారు. కారులో మాస్టారి పక్కన శిష్యురాలు, వెనక సీట్లో ముగ్గురు కొత్త బోధకులు. మేనేజరు ఫైలు పట్టుకుని బయట నిలబడ్డాడు. మెకానిక్ అతని పక్కన చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు.

"ఈ బండిలో లాగితే గేరు పెరుగుతుంది, తోస్తే తగ్గుతుంది," అని మాస్టారు పాఠం మొదలుపెట్టారు. "కొందరు పుస్తకం చదవరు. పాత అలవాటు పట్టుకుని, లోపం బండిదంటారు. అలాంటివాళ్లని స్టీరింగు దగ్గరికి రానీయకూడదు."

వెనక సీట్లోంచి ఒక బోధకుడు మెల్లగా అన్నాడు. "సార్, ఇక్కడ ప్లేటు మీద..."

"బండి కదులుతోంది. కళ్లు రోడ్డు మీద."

అతను నోరు మూసుకున్నాడు. ఎత్తు మొదలైంది. "చూడండి, తోస్తున్నాను. బలం వస్తుంది." తోశారు. బండి మూలిగింది. ఇంకోసారి తోశారు. బండి ఇంచుమించు నిలబడిపోయింది. మాస్టారు యాక్సిలరేటరును అడుగంటా తొక్కారు. ఎత్తు కొస మీదికి చేరగానే, ఇంజనును శాంతింపజేద్దామని, మూడు రోజులు శిక్షణ పొందిన చేత్తో కడ్డీని వెనక్కి లాగారు. బండి గావుకేక పెట్టి వాలులోకి దూకింది, వరసగా పెట్టిన ప్లాస్టిక్ కోన్లను ఏడింటిని పడగొట్టి, స్వాగతం బ్యానరులోకి తలదూర్చి ఆగింది. అద్దం మీద 'గురువుగారికి' అన్న మాట లోపలివాళ్లకు తలకిందులుగా కనిపించింది.

తరువాత వెనకనుంచి ఇందాకటి గొంతే వినిపించింది. "సార్, బండి ఆగింది కాబట్టి చెబుతున్నాను. ప్లేటు మీద ప్లస్ ముందువైపు ఉంది."

మాస్టారు నలభై ఏళ్లలో మొదటిసారి కడ్డీ వైపు కిందికి చూశారు. ఉంది.

మెకానిక్ పరుగెత్తుకొచ్చి కిటికీలో తల పెట్టాడు. "ఏం మాస్టారూ, బాగా లేదా? రెండు తీగలు మార్చి, ప్లేటు తిప్పి బిగించాను. నాలుగు రోజులు పట్టింది. అచ్చం మీ పాత బండిలాగే ఉంది."

షోరూము మేనేజరు ఫైలు తెరిచాడు. శిష్యురాలు అతన్ని చూసి, మాస్టారి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "పర్లేదు మాస్టారూ. బండిలో లోపం ఉందని మంగళవారమే చెప్పారుగా. అదే రుజువైంది. నేనూ అదే చెబుతాను."

శిష్యురాలు తప్పుకునే తలుపు తెరిచి పెట్టింది. మాస్టారు దానిలోంచి బయటపడవచ్చు. తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయింది. వెనక సీట్లో ముగ్గురు పిల్లలు నోరు మూసుకుని కూర్చున్నారు, ఆయన నేర్పినట్టే.

"లోపం బండిలో లేదమ్మా," అన్నారు మాస్టారు బ్యానరు వైపే చూస్తూ. "నాకు ప్లస్ ఎటుందో తెలియలేదు. పుస్తకం చదవకుండా వీడికి చెప్పాను, నీకు చెప్పాను. గురువారం చదివాను. చదివాక నోరు విప్పలేదు. ఇందాక స్టీరింగు దగ్గరికి రానీయకూడదన్నది నా గురించే."

"నాకు మొదటి రోజే తెలుసు మాస్టారూ," అన్నాడు మెకానిక్ నేల చూస్తూ.

"మరి చెప్పలేదేంరా?"

"మీరు అడగలేదు కదండీ."

మేనేజరు రెండు వాక్యాలు రాసుకుని, వాటి కింద మాస్టారి సంతకం తీసుకున్నాడు. నోటీసు బోర్డు మీది కాగితాన్ని మాస్టారే స్వయంగా చింపారు. మెకానిక్ ఆ సాయంత్రమే తీగలు యథాస్థానంలో కలిపాడు. రాత్రి జరిగిందంతా విన్న కూతురు, ఆ కడ్డీకి పక్కన ఇంకో గాడి కూడా ఉందా నాన్నా అని అడిగింది.

ఏడు గంటల తరగతి సోమవారం మొదలైంది. వెనక సీట్లో మాట్లాడిన బోధకుడే పాఠం చెప్పాడు. విద్యార్థుల రిజిస్టరులో మొదటి సంతకం మాస్టారిది.